పాత చేప, కొత్త రొయ్య

ఇట్లా దగ్గరికి జరగండి పిల్లలూ, ఆ ఫోన్లు కాసేపు బోర్లా పెట్టండి. కోదాడలో గాజుతొట్లలో పెంచుకునే ఉప్పునీటి చేపలు అమ్మే ఉపేందర్ సంగతి చెబుతాను.

"మళ్ళీ కరిచిందన్నా!" దుకాణం మెట్టెక్కుతూనే అంది జ్యోత్స్న.

మిర్యాలగూడలో టీచరు ఆమె. కోదాడలో బస్సు మారుతూ ఒకనాడు వానకు ఆ దుకాణం చూరు కింద నిలబడింది. ఏ చేప పక్కన ఏది బతుకుతుందో ఉపేందర్ ఎవరికో వివరిస్తుంటే చెవులు రిక్కించి వింది. అప్పటి నుంచి ఈ దారిన వచ్చిందంటే ఇక్కడ ఆగకుండా పోదు.

ఉపేందర్ నీళ్ళలో ఉప్పు కలుపుతున్నాడు. కోదాడకు సముద్రం ఎక్కడిది? అతనే తయారు చేసుకోవాలి.

"ఆ నీలం డామ్సెల్ చేపేనా మేడమ్?"

"అదే. మొదటి నుంచి ఉన్నది కదా, తొట్టంత నాదే అంటది. కొత్తది జర తొంగి చూస్తే చాలు, మీద పడుతది."

"ఆ కొత్తది ఏంటి?"

"రొయ్య. మెత్తటిది. చూపు గూడ సక్కగ లేదు."

ఉపేందర్ నుదురు కొట్టుకున్నాడు. "ఏది దేనితో కలుస్తదో కనుక్కొని తేవాలి టీచరమ్మా! అందంగా ఉన్నాయని అన్నీ ఒకే తొట్టిలో వేస్తే, చివరికి కొట్టేది ఒక్కటే మిగులుద్ది. ఆ రొయ్యను తెచ్చినచోటే ఇచ్చేయండి."

"ఇచ్చే జాగ లేదన్నా." ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "అది ఉన్న చోటు ఖతమైంది. గీడ ఇమడకపోతే ఇగ దానికి దిక్కు లేదు. పాతదాన్ని తీసెయ్యలేను. అదీ నాదే."

రొయ్య కోసం కళ్ళనీళ్ళు పెట్టుకునే మనిషిని ఉపేందర్ అంతకుముందు చూడలేదు. చేతిలో పని పక్కన పెట్టాడు.

"సరే, వినండి. ముందు లోపలి రాళ్ళన్నీ జరపండి. ఈ మూల నాది, ఆ సందు నాది అని పాతదానికి ఒక లెక్క ఉంటది. రాళ్ళు మారితే దానికీ అది కొత్త ఇల్లే."

"జరిపినంక?"

"రొయ్యను వెంటనే వదలొద్దు. చిల్లులున్న గాజు డబ్బాలో పెట్టి ఆ నీళ్ళలోనే ఉంచండి. ఒకదానికొకటి కనపడాలి, కొట్టుకోను మాత్రం అందకూడదు. ఇంకోటి, తిండి ముందు పాతదానికే వెయ్యండి. కడుపు నిండితే సగం కోపం దిగుద్ది."

ఆమె తలూపి వెళ్ళిపోయింది. గల్లాపెట్టె దగ్గర ఉన్న ఉపేందర్ భార్య ఉషశ్రీ అందుకుంది. "ఏనాడన్న ఒక చేపను కొన్నదా? ఉప్పు ప్యాకెటన్న కొన్నదా? వచ్చుడు, అడుగుడు, పోవుడు! నీకు దొరికింది సూడు, పాఠం చెప్పనీకె!"

"ఊరుకో. పాపం, జీవమంటే ప్రేమ ఆమెకి."

దసరా సెలవుల తరువాత జ్యోత్స్న మళ్ళీ వచ్చింది. ముఖం కొంచెం తేటపడింది.

"డబ్బాలో పెట్టిన అన్నా. రెండూ చూసుకుంటున్నయి. కరుసుడు తగ్గింది గానీ, పాతది దగ్గరికైతే రాదు."

ఉపేందర్ ఆమెను మూలనున్న తొట్టి దగ్గరికి తీసుకుపోయాడు. పగడాల కింద ఇసుకలో ఒక బొరియ. చిన్న రొయ్య ఒకటి లోపలి ఇసుకను బయటికి నెట్టుకొస్తోంది. బొరియ ముందర వేలెడంత చేప కదలకుండా నిలబడి ఉంది.

"ఈ రొయ్యకు కళ్ళు మసక. ఇల్లు తవ్వేది ఇది. గుమ్మంలో కాపలా ఆ గోబీ చేపది. రొయ్య బయటికొస్తే మీసం చేప మీదే ఆనిస్తది. ఏదన్నా మీదికొచ్చిందా, చేప తోకాడిస్తది, రెండూ లోపలికి!"

"వీటికి ముందే దోస్తీ ఉన్నదా?"

"ఎక్కడిదండీ? అదొక సంచిలో వచ్చింది, ఇదొక సంచిలో వచ్చింది."

గాజుకు ముక్కు ఆనించి ఆమె చాలాసేపు చూసింది. "మా పాతదానికి గిట్ల కాపలా పని చెప్తే?"

ఉపేందర్ పకపకా నవ్వాడు. "చేపకు డ్యూటీ వేస్తారా టీచరమ్మా? డామ్సెల్ జాతి వేరు. చస్తే చెయ్యదు."

"చేస్తదేమో, సూస్త."

"ఇయ్యాల గూడ ఏం కొనలే," అంది ఉషశ్రీ.

చలికాలంలో ఒకరోజు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు వాళ్ళింటికి చేపలు చేర్చడానికి వ్యాన్‌లో బయలుదేరాడు ఉపేందర్. పనిలో పనిగా టీచరమ్మ ఇల్లు అడిగి అక్కడ ఆగాడు. అప్పుడే ఇద్దరు పెద్దవాళ్ళు కూరగాయల సంచితో గేటు దగ్గరికి వస్తున్నారు. వెనకామె చెయ్యి ముందామె భుజం మీద ఉంది.

"మెల్లగ వదినా, మెట్టున్నది. కాలు లేపు."

"లేపిన తియ్! ఊరంతటికి చాటింపు వెయ్యకు."

ముందామె ఉపేందర్‌ను తేరిపార చూసింది. "ఎవరు బాబూ? జ్యోత్స్న కోసమా? నేను ఆమె అత్తను, శ్యామలను. ఈ ఏసమ్మ వదిన మా కోడలి తల్లి. మోతె ఊర్ల ఆమె ఇల్లు వానకు కూలింది. మొన్నటిదాక మా ఎదురు పోర్షన్‌ల కిరాయికున్నది, ఇప్పుడు మా ఇంట్లనే. బిడ్డ ఇంట్ల తల్లి ఉండుడేందని మంది అంటున్నరు. అననీ! వాళ్ళ ఇంట్ల తింటున్నదా?"

ఇంతలో జ్యోత్స్న నవ్వుతూ బయటికి వచ్చింది.

"ఎట్లున్నయి టీచరమ్మా మీ రెండూ?"

"కలిసిపోయినయన్నా! ఇప్పుడు పాతది కొత్తదాన్ని వదిలి ముద్ద ముట్టదు."

"డామ్సెలా? నేను నమ్మను. ఏదీ, ఒక్కసారి చూపించండి!"

వ్యాన్ హారన్ మోగింది. "అన్నా, సంచులల్ల నీళ్ళు చల్లబడుతున్నయి!" అని డ్రైవరు కేక.

"ఈసారి చూస్తా," అంటూ పరుగెత్తాడు ఉపేందర్.

ఇప్పుడు దుకాణానికి ఎవరొచ్చినా మిర్యాలగూడ డామ్సెల్ కథ చెప్పనిదే పంపడు. ఎంత కరిచే చేపయినా ఓపిక పడితే మారుతుందంటాడు. మీరూ గుర్తుపెట్టుకోండి, మీ ఇళ్ళల్లో చెప్పండి. అతనికి తెలియని ముక్క ఒకటుంది, దాన్ని మాత్రం ఆఖరున చెప్పండి.

జ్యోత్స్న ఇంట్లో ఏనాడూ చేపల తొట్టి లేదు.