పడవ అడుగున కూర్చున్న మనిషి

"ఏవండీ, కూర్చునే పలక ఖాళీగా ఉంది కదండీ. అడుగున ఎందుకండీ?"

పాపాయమ్మ పడవ నడిపే గెడ నిలబెట్టి అడిగింది.

పెద్దాయన చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, పడవ అడుగున చతికిలబడ్డాడు. ఒక చేత్తో అంచు గట్టిగా పట్టుకున్నాడు. రెండో అరచెయ్యి చెక్కల అతుకు మీద ఆనించాడు.

"ఇక్కడే బాగుందమ్మా."

"ఆ పట్టుకోడమేంటండీ, దూడ పలుపు పట్టుకున్నట్టు! పడితే ఈదుకుంటూ వచ్చేయడమేగా?"

ఆయన నవ్వాడు. అంచు మాత్రం వదల్లేదు.

వారం నుంచీ ఇదే వరస. ఏలూరు నుంచి మొదటి బస్సుకి రేవులో దిగుతాడు. ఖాళీ పడవలో కొల్లేటి లంక దాకా వస్తాడు. లంకలో కాలు పెట్టడు. బడి పిల్లలు ఎక్కాక వాళ్ళతోనే తిరిగొస్తాడు.

పక్క పడవ అబ్బాయిరాజుకి ఇదొక వేడుక.

"వదినా, నీ పడవకి ఇల్లరికం వచ్చినట్టున్నాడే!"

"నోర్ముయ్."

"నవ్వులాటకి కాదు వదినా. ఆ వేళ్ళు చూశావా? నల్లగా, తోలూడిపోయి. పడవలకి పూసే తారు అమ్ముతారే, ఆ తారు కొట్టు మనిషే. నీ పడవ ఎప్పుడు కారుతుందా అని కాపలా కాస్తున్నాడు."

ఆ మాట పాపాయమ్మకి ముల్లులా గుచ్చుకుంది.

కిందటేడు, రెండువేల ఆరు వానల్లో, పడవ కారి పిల్లల పుస్తకాలన్నీ నానిపోయాయి.

"ఇంకోసారి కారితే పిల్లల్ని నీ పడవ ఎక్కనివ్వను పాపాయమ్మా" అని బడి పెద్దమాస్టారు ప్రసాదరావు గారు ఖరాఖండీగా చెప్పేశారు.

మిగతా పడవలన్నీ చేపల బుట్టలకే సరిపోతాయి. ఈ పడవ ఆగితే లంక పిల్లల చదువు ఆగినట్టే. పాపాయమ్మ పొయ్యి ఆరినట్టే.

అప్పుడొచ్చింది వట్లూరు కాలేజీ నుంచి దీవెన అనే అమ్మాయి, చేతిలో ఒక డబ్బాతో.

"బజార్లో దొరికే ఎపాక్సీ జిగురు పెట్రోలియం సరుకండి. ఇది జీడిపిక్కల పెంకుల నూనెతో మా సారు తయారుచేశారండి. కామవరపుకోట వైపు ఆ పెంకులు పొయ్యిలో పెట్టేస్తారు. మీ పడవకి పూసి చూడనిస్తారా?"

"జీడి నూనా? ఒళ్ళు పొక్కిపోద్ది!" అన్నారు రేవులో అందరూ.

"ఎండి గట్టిపడ్డాక ఏం చెయ్యదండి" అంది దీవెన.

పాపాయమ్మ ఆ పిల్ల మొహం వంక చూసింది. మర్నాడే పడవ బోర్లించి ఆ జిగురు పూయించింది.

రేవు మొత్తంలో ఆ ధైర్యం తనొక్కతిదే. అందుకే ఆ పడవంటే ఆమెకి అంత గర్వం. దాని మీద తారు కొట్టు వాడి కాపలానా?

అబ్బాయిరాజు ఆ మాటన్న మర్నాడు, పెద్దాయన బస్సు దిగేసరికి పాపాయమ్మ ఎదురెళ్ళింది.

"ఈవేళ పరీక్షలండి. లంకలో పిల్లలంతా ఎక్కుతారు. మీకు చోటు లేదు."

"సర్దుకుంటానమ్మా."

"అసలు మీకు లంకలో పనేంటండీ? వెళ్ళి మీ కొట్లో చెప్పుకోండి, పాపాయమ్మ పడవ కారదని!"

ఆయన మొహంలో కోపం రాలేదు. ఏదో వెలుగొచ్చింది.

"ఒక్క చుక్క కూడా రాలేదా అమ్మా?"

"నమ్మకం లేకపోతే తడిమి చూసుకోండి!"

గట్టు మీద మోకరిల్లి, పడవలోకి వంగి, అతుకంతా తడిమాడు. పొడిగా ఉన్న ఆ అరచెయ్యి చెంపకి ఆనించుకున్నాడు.

"ఇంక నాతో పనిలేదమ్మా" అని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

ఆ ఏడు వానలకి కొల్లేరు గట్టు దాకా పొంగింది. రేవులో పడవలవాళ్ళంతా నీళ్ళు తోడుకోలేక చచ్చారు. పాపాయమ్మ పడవలో పిల్లలు పుస్తకాల సంచులు అడుగునే పడేసి కబుర్లు చెప్పుకున్నారు.

"వదినా, ఆ డబ్బా నా పడవక్కూడా ఇప్పించవే" అన్నాడు అబ్బాయిరాజు, తల గోక్కుంటూ.

"ఎందుకు? ఒళ్ళు పొక్కిపోదూ?" అంది పాపాయమ్మ.

వానలు వెలిశాక దీవెన వచ్చింది.

"చుక్క రాలేదమ్మా!" పాపాయమ్మ రేవంతా వినపడేలా చెప్పింది. "మీ సారుని ఒక్కసారి రమ్మను. పలక మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టి కొల్లేరంతా తిప్పుతాను."

దీవెన తల దించుకుంది.

"మా నెల్సన్ సారు పోయిన నెల ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారండి. గుండెజబ్బు."

"అయ్యో! మొహమైనా చూడలేకపోయానే!"

"చూశారు కదండీ. మీ పడవలోనే వారం తిరిగారట."

పాపాయమ్మ గెడ గట్టున పెట్టి దగ్గరికొచ్చింది.

"ఆ నల్లవేళ్ళాయనా?"

"ఆ పెంకుల నూనెతోనే అలా అయిపోయాయండి."

"మరి అడుగున కూర్చునేవారేంటమ్మా, పలక ఉండగా?"

"అతుకు విడితే ముందు తన ఒంటికే తెలియాలనండి. పిల్లలెక్కే పడవ కదా. వద్దని మేమెంత చెప్పినా వినలేదు."

దీవెన పడవ అడుగు వంకే చూస్తూ అంది.

"ఆయనకి ఈత రాదండి."