ఆరు మొక్కలు, ఆరు రోగాలు

“ఇవి మొక్కలా, ఆస్పత్రి వార్డా?”

ఆ ఉదయమే వ్యవసాయ కాలేజీలో చేరిన కొత్త మేష్టారు గ్రీన్‌హౌస్ తలుపు తీస్తూనే అరిచారు. నిగనిగలాడే బూట్లకు తడి తగలకుండా మునివేళ్ళ మీద నడిచి, ఆరు బొప్పాయి మొక్కల ముందు ఆగారు. ఆరు మొక్కలూ ఆరు తొట్లలో ఉన్నాయి. ప్రతి తొట్టి పక్కనా దానిదంటూ ఒక నీళ్ళ డబ్బా ఉంది.

“ఎవరిదీ ఘనకార్యం?”

“నాదే సార్,” అంది మొక్కలు చూసుకునే ఆవిడ, చేతులకంటిన మట్టి దులుపుకుంటూ.

“సిగ్గులేకుండా చెప్తున్నావే! ఎన్నేళ్ళయింది ఇక్కడ చేరి?”

“పదకొండేళ్ళు సార్. అయితే ఇవి...”

“పదకొండేళ్ళలో నీళ్ళు పొయ్యడం కూడా రాలేదన్నమాట. పక్కకి జరుగు. చూసి నేర్చుకో.”

ఆయన మొదటి మొక్క ఆకు పట్టుకుని వెలుతురుకు ఎత్తారు.

“ముదురాకు. ఈనెలు ఆకుపచ్చగా ఉన్నాయి, మధ్యంతా పసుపు. మెగ్నీషియం లేదు. ఈ రెండోదానికీ అదే పసుపు, కాకపోతే లేతాకుల్లో. ఇనుము లేదు. దీని అంచులు మాడిపోయాయి, పొటాష్ లేదు. ఈ కాయ చూడు, మొహమంతా బుడిపెలే! బోరాన్ లేదు. దానికి జింకు, ఆ చివరిదానికి నత్రజని. నాకు ఒక్క చూపు చాలు. ఒకే కప్పు కింద, ఒకే మనిషి చేతిలో, ఆరు మొక్కలకి ఆరు రోగాలు! ఇంతలా చెడగొట్టడానికి కూడా తెలివుండాలి.”

“ఉండాలి సార్.”

“వెటకారమా?”

ఆయన బల్ల మీది కత్తెర అందుకున్నారు. పసుపు ఆకులు, మాడిన ఆకులు, బుడిపెల కాయ ఒక్కొక్కటే చెత్తబుట్టలో పడ్డాయి. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

“వద్దు సార్, కొయ్యకండి! అవి రేపటికి...”

“రేపటికి ఇంకా మాడతాయి. చెయ్యి తియ్యి!”

చూస్తుండగానే ఆరు మొక్కలూ మోడుల్లా తయారయ్యాయి. అప్పుడాయన చూపు డబ్బాల మీద పడింది.

“ఆరు మొక్కలకి ఆరు డబ్బాలా? ఏం దర్జా!”

అన్నింటినీ ఒకే బకెట్లో ఒంపి, కర్రతో కలిపి, తలా ఒక చెంబు పోశారు. తర్వాత చేతులు కడుక్కుని, బల్ల దగ్గర నిలబడే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశారు. రాసింది పైకే చదివారు.

“‘పని చేతకాని మనిషి. వెంటనే తీసెయ్యవలెను.’ కింద సంతకం పెట్టు. సంజాయిషీ ఏమైనా ఉంటే ఒక్క ముక్కలో రాయి. రాయడం వచ్చా అసలు?”

ఆవిడ పెన్ను తీసుకుంది. గుండ్రటి అక్షరాలతో నిదానంగా రాసి, సంతకం చేసి, కాగితం ఆయన చేతికిచ్చింది.

“సారు ఆరింటికీ సరిగ్గానే చెప్పారు. ఒక్కో మొక్కను ఒక్కో పోషకం అందకుండా ఆరు నెలలు పస్తు పెట్టి నేను తయారు చేసిన ఆ ఆరూ, రేపు పొద్దున పిల్లలకు పరీక్షలో ఇవ్వాల్సిన ప్రశ్నలు.”