పటంలో పచ్చరంగు

ఇంజనీరు మా వంటింటి బల్ల మీద పటం పరిచాడు. ఎంత వానకి ఎక్కడ మట్టి జారుతుందో రంగుల్లో వేశారట. మా ఊరి బంకమట్టి వాలు పచ్చగా ఉంది. పచ్చంటే భయం లేదని అర్థం.

"మాకు మీ అమ్మగారి లెక్కే ఆధారం. రెండేళ్లు రోజూ పొద్దున్నే వాన కొలిచే గొట్టం చూసి రాశారు. ఒక్క రోజూ తప్పలేదు," అన్నాడు నా కొడుకుతో.

"అమ్మ తప్పుతుందా? మబ్బు నీడకి కూడా గొడుగు వేసే మనిషి!" అని నవ్వాడు నా కొడుకు. దొనాతో అని వాడి పేరు. "ఇక వాలు కింద ఇల్లు కట్టేస్తా."

ఇంజనీరు గుమ్మం దాటగానే చెప్పేశాను.

"ఒరేయ్, మదోన్నా మాత మీద ఒట్టు. రోజూ సగం నీళ్లు పూలకుండీలో పారబోసి మిగిలిందే రాశాను. ఎర్రరంగు వేస్తే పై ఊరిలాగే మనల్నీ ఖాళీ చేయిస్తారని భయపడ్డాను."

"నన్ను ఆపడానికి ఇదో కొత్త ఎత్తా? కిందటేడు గంటగోపురం కూలుతుందన్నావు, కూలిందా?"

ఇల్లు లేచింది. అక్టోబరు వానలు పట్టుకున్నాయి. ఇవాళ పొద్దున గొట్టం అంచుదాకా నిండింది. మొట్టమొదటిసారి చుక్క కూడా పారబోయకుండా రాసి, పుస్తకం పట్టుకుని, సామాను సర్దుకుంటున్న వాడి దగ్గరికి పరిగెత్తాను.

దొనాతో పేజీలు తిరగేశాడు.

"తప్పు చూసుంటావమ్మా. రెండేళ్లలో ఏ రోజైనా ఇందులో సగం దాటిందా? నీ చేత్తో నువ్వు రాసిందేగా!"

పుస్తకం నా చేతిలో పెట్టి, తన పాపాయి ఉయ్యాల భుజానికెత్తుకుని, వానలోనే కొత్తింటికి దిగిపోయాడు.