అనాసముక్క మీద కైమా

బెన్నీ మూకుడులో చేపల సాసు ఒంపగానే కంపు గుప్పుమంది. జ్యోతిర్మయికి కడుపులో తిప్పింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోబోయి, తనని ఇంటికి భోజనానికి పిలిచిన తోటి టీచరు ఆరాధన చూస్తోందని ఆగింది.

"బ్యాంకాక్ హోటల్లో ఆరేళ్లు ఇదే చేశానండీ," అన్నాడు ఆరాధన భర్త బెన్నీ, పంది కైమాలో తాటిబెల్లం కలుపుతూ. వేరుశనగపొడి చల్లి, జిగటగా సాగుతున్న ఆ ముద్దని అనాసముక్కల మీద పెట్టాడు.

తియ్యటి పండు మీద పందిమాంసం! జ్యోతిర్మయికి వాంతి గొంతుదాకా వచ్చింది.

"ఇవాళ శనివారం కదా ఆరాధనా. నేను నీచు ముట్టను."

"తెలుసులే. నీకోసం ఉత్త వేరుశనగపప్పుతో వేరే చేయించాను, కొత్త మూకుడులో." ఆరాధన ఒక స్టీలుడబ్బా మూత తీసింది. అనాసపండు కమ్మగా వాసనేసింది.

ఇక చెప్పడానికి వంక లేదు. అయినా జ్యోతిర్మయి చెయ్యి ముందుకు రాలేదు. కడుపులో అదే తిప్పుడు.

"డబ్బా మీ ఇంటిదే. మొన్న స్కూల్లో మరిచిపోయావు," అంది ఆరాధన, మామూలుగానే. "మా గిన్నెల్లో తినలేక, ఆ మాట చెప్పలేక ఇబ్బంది పడతావని అందులో పెట్టాను."

బెన్నీ గరిటె ఆగింది. జ్యోతిర్మయి ముఖం వేడెక్కింది.

"మీ ప్లేటులోనే పెట్టు, తింటాను," అంది మెల్లగా.

"బలవంతాన వద్దులే, జ్యోతీ."

ఆ మాటలో కోపం లేదు. జ్యోతిర్మయికి తన మీద తనకే రోత పుట్టింది.