బోర్డులన్నీ చదివే పిల్ల

"రేపు పొద్దున స్కూలుకు వస్తావా, రావా? అది తేల్చు ముందు!" నస్రీన్ కారు తలుపు ధడాలున వేసి మొగుణ్ణి నిలదీసింది.

"రాను. నా బిడ్డకేం రోగమొచ్చిందని పరీచ్చలు?" మునాఫ్ ఆమె వైపు చూడకుండానే బండి స్టార్ట్ చేశాడు.

నస్రీన్‌కు తల బాదుకోవాలనిపించింది. బతుకుతెరువుకు వచ్చిన ఈ అరబ్బు దేశంలో, అర్దియా పేటలో కార్ల ఏసీలు బాగుచేసే షాపు మునాఫ్‌ది. కారు చప్పుడు విని రోగం ఎక్కడుందో చెప్పేస్తాడు. కన్నకూతురి సంగతి చెబితే మాత్రం చెవికెక్కదు. వెనక సీట్లో ముడుచుకుని కూర్చున్న హుమేరా రెండో తరగతి చదవడం ఇది రెండోసారి. ఈసారీ పై తరగతికి పంపలేమని స్కూలువాళ్ళు చెప్పేశారు. బస్సు హారన్ వినిపిస్తే చాలు, పిల్ల కడుపునొప్పంటూ మంచం దిగదు. ఎలాగో బతిమాలి ప్రత్యేకంగా నేర్పే టీచరమ్మ దగ్గర టైము దొరకబుచ్చుకుంటే, ఈయనది ఈ వరస!

"రోగం కాదయ్యా! ఎన్నిసార్లు చెప్పాల నీకు? మాటలు వాటంతట అవే వస్తాయంట. సదువు అట్లా రాదంట, మెదడు పనిగట్టుకోని నేర్చుకోవాలంట. మొగాలు గుర్తుపట్టే చోటనే అచ్చరాలకూ కొంచెం జాగా చేసి, దాన్ని మాటలుండే చోటుకు కలుపుకోవాలంట. కొందరికి ఆ లంకె తొందరగా పడదంట. దాన్నే డిస్లెక్సియా అంటారంట."

"అంటే మెదడు బాగలేదనేగా?"

"అయ్యో రాత! తెలివికీ దానికీ సంబంధమే లేదంట. వేరే రకంగా నేర్పిస్తే వస్తాదంట. ముందు పరీచ్చ చెయ్యాల, దానికి తల్లీ తండ్రీ ఇద్దరూ రావాల. రేపు పోకుంటే మన వంతు ఇంకో బిడ్డకు పోతాది. ఖలాస్!"

"పోనీ! పదిమంది ముందర నిలబెట్టి సదువు, సదువు అని పీక్కు తింటారు. ఎనకనుంచి నవ్వుతారు. నాకు తెలీదా వాళ్ళ సంగతి?" మునాఫ్ గొంతు లేచింది. "నా బిడ్డకు సదువు రాదన్నది ఎవరు? ఇప్పుడే చూపిస్తా. యల్లా హుమేరా, బోర్డులు సదువు!"

సాయంత్రం రద్దీలో ఫర్వానియా వీధి కదలడం లేదు. మునాఫ్ వేలు చూపించడం, పిల్ల టక్కున చెప్పడం.

"అది?"

"నూర్ ఫార్మసీ, అబ్బా!" అని తండ్రికి చెప్పింది హుమేరా.

"ఆ పక్కది?"

"అతీఖ్ మొబైల్స్!"

"ఇన్నావా?" మునాఫ్ మీసం మెలేశాడు.

"ఇన్నా. అది సదవడం కాదయ్యా! ఆకుపచ్చ ప్లస్సు చూసి మందుల షాపంటాది, ఫోను బొమ్మ చూసి మొబైల్సంటాది. అది గుర్తుపట్టడం!"

"సదవడమంటే గుర్తుపట్టడం గాక ఇంకేంది?"

నస్రీన్ నుదురు కొట్టుకుంది. ఈ మనిషితో వాదించడం తన బుద్ధి తక్కువ అనుకుంది.

"ఇంగ్లీషు కుదరదంటావా? సరే, మన తెలుగే సదివిస్తా." మునాఫ్ బండిని తాము ఎప్పుడూ తినే హోటలు ముందు ఆపాడు. పసుపు అద్దం మీద బిర్యానీ గిన్నె బొమ్మ, దాని కింద అరచేయంత ఎర్రటి అక్షరాలు. "సదువు తల్లీ!"

"రాయచోటి రుచులు!" అంది హుమేరా.

"శభాష్! అబ్బా పేరు నిలబెట్టినావు!"

నస్రీన్ అద్దం వైపు చూసింది. మళ్ళీ చూసింది. "ఇంకోసారి సూడు హుమేరా, నిదానంగా" అంది.

పిల్ల ముఖం వాడిపోయింది. బిక్కుబిక్కుమంటూ తండ్రి వైపు చూసింది. అది చూసి మునాఫ్‌కు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకోసారేంది? ఇట్లా నువ్వు బెదరగొట్టబట్టే బిడ్డ సదవలేకుండా ఉండాది!" అంటూ బండి దిగి విసవిసా అద్దం దగ్గరికి నడిచాడు. "కండ్లు కనపడలేదా నీకు? ఇంత లావు అచ్చరాలు! రా, వచ్చి చూడు!" అని అక్షరాల మీద వేలు పెట్టి, ఒక్కోదాని మీదా ఆగుతూ గట్టిగా చదివాడు. "రా... య... చో... టి!"

నస్రీన్ కారు దిగి నిలబడిపోయింది. అంతసేపూ భగ్గుమంటున్న కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు. ఆ పసుపు రంగు పాతదే, ఆ గిన్నె బొమ్మా పాతదే. హోటలు చేతులు మారి, పేరొక్కటే మారింది.

మునాఫ్ వేలు వరసగా తాకిన అక్షరాలు... కో, న, సీ, మ.