వెండిపల్లెం ఫిర్యాదు

“సత్తుపల్లెం పోయిందని రాస్తే ఠాణాల ఈగ గూడ లేవది,” అన్నడు వకీలు స్వామిదాసు, కలం కాయిదం మీద ఆపి. “ఇంకేమేం పోయినయో మంచిగ యాది చేస్కో.”

లక్ష్మీరాజం యాది చేసుకున్నడు. పొద్దుగాల బాయికాడ తానం చేసొచ్చేటాల్లకు కిరాయి అర్రల రేకుపెట్టె లేదు. అండ్ల రెండు ధోతులు, ఒక సత్తుపల్లెం, మిడిలు పాసైన సనదు. ధోతులు పోతే పోనీ. సనదు మాత్రం రేపు పొద్దుగాల ఎల్లారెడ్డి తహసీలు కచ్చేరిల చూపియ్యాలె. లేకుంటే నౌకరి ఇంకొకని పాలైతది. కామారెడ్డి నుంచి మోటరు ఇయ్యాల నాలుగింటికి. అది తప్పితే రేపు పగటికి గాని ఇంకోటి లేదు.

“ఇంటోళ్ల మీద దావా ఎయ్యొస్తదా?” అని గొంతు తగ్గించి అడిగిండు. ఇంటామె అనసూయమ్మ పక్కనే నిలవడి ఉన్నది. గొంతు సాలినంత తగ్గలే.

“నా మీదనా? ఏస్కో బిడ్డా, ఏస్కో! నీకు చారు పోసిన చెయ్యి గిదే.”

“అర్ర తాళంచెవి ఈమె చేతికిచ్చి పోయినవా?” వకీలు అడిగిండు.

“లేదు. నా మొలతాడుకే ఉండె.”

“అయితే దావా నిలవడది. గుడికాడ ప్రమాణం చేపిస్తవా? ఆమె చేస్తది, నువ్వింటవు, సనదు రాదు. ఇగ మిగిలింది ఫిర్యాదు. ఫిర్యాదుకు బరువుండాలె. వెండిపల్లెం అని రాస్తున్న.”

“అబద్ధం గద వకీలుసాబ్?”

“అబద్ధమెట్లయితది? పల్లెం పోయింది నిజమేనాయె.”

లక్ష్మీరాజం నసుగుతుంటే అనసూయమ్మ అడ్డమొచ్చింది. “రాయుండ్రి! నా ఇంట్ల కిరాయికున్నోడు సత్తుపల్లెంల తింటడని ఠాణాల సదివితే నా ఇజ్జతేం గావాలె? నేను సాక్షం చెప్త.”

వెండి సంగతి ఆమెకొకలు చెప్పాల్నా? దినాం తన వెండిపల్లెం తోమి, బజారుకు కనవడేటట్టు అరుగు మీద ఎండవెట్టే మనిషి. ఆ వాడకట్టుల పల్లెం ఎరుకలేనోడు లేడు.

ఠాణాల ఫిర్యాదు సదువుతుంటే వెండి అనేటాల్లకు ఇద్దరు జవాన్లు లేచి ఉరికిన్రు. మూడు గొట్టకముందే సంతల ధోతి అమ్ముకుంట లింబాద్రి అనేటోడు దొరికిండు. పెట్టె గూడ దొరికింది.

ఠాణాల బల్ల మీద పెట్టె మూత తీసి ఉన్నది. సనదు కొస కనవడ్తున్నది. లక్ష్మీరాజం చెయ్యి సాపిండు. ఠాణా పెద్ద అమీన్ సాబ్ లాఠీ అడ్డం వెట్టిండు.

“ఆగు. పల్లెమేది?”

“గదే సాబ్, అండ్ల...”

అమీన్ సాబ్ పల్లెం తీసి గోరుతోని కొట్టిండు. అది టప్పుమన్నది. “ఇది సత్తుది. వెండిదేది?”

“వెండి లేదు దొరా, దేవునితోడు!” లింబాద్రి మొత్తుకున్నడు. “వెండిది దొరికితే ఈ సత్తుది ఎందుకు మోస్త?”

అమీన్ సాబ్ గోడ గడియారం దిక్కు చూసిండు, లక్ష్మీరాజం దిక్కు చూసిండు. తొందరేం లేదు ఆయినకు. “వీడు చెప్పేది నిజమైతే నీది జూఠా ఫిర్యాదు. నిన్ను లోపలేస్త. నీది నిజమైతే వెండి కక్కేదాంక వీణ్ణి ఇడువ. ఎవలిది నిజం?”

లక్ష్మీరాజం గూడ గడియారం దిక్కు చూసిండు. మూడుంబావు దాటింది.

“వెండిదే సాబ్!” అనసూయమ్మ కొంగు బిగించి ముందటికొచ్చింది. “నా పల్లెం పక్కన వెట్టి చూసిన. రెండూ ఒక్క తీరే. ఏది ఎవలిదో నేనే గుర్తువట్టలేకపోయిన!”

లింబాద్రి ఆమె దిక్కు చూసిండు. అమీన్ సాబ్ చేతిల లాఠీ దిక్కు చూసిండు.

“యాదికొచ్చింది దొరా,” అన్నడు. “వెండిదే. గోడ దుంకుతుంటే చేతుల నుంచి జారింది. అవ్వ ఇంట్లనే వడ్డది. తనదనుకోని లోపల వెట్టుకున్నదేమో, పాపం.”

అనసూయమ్మ బిగించిన కొంగు ఇడిసింది. జవాను పోయి పల్లెం తెచ్చిండు. ఎండకు తళతళ మెరుస్తున్నది.

“ఇంట్ల ఇదొక్కటే ఉన్నది సాబ్,” అన్నడు జవాను.

“ఏమయ్యా, నీదేనా?” అమీన్ సాబ్ అడిగిండు. “అవునంటే పల్లెం, పెట్టె రెండూ తీస్కోని దస్కతు వెట్టి పో. కాదంటే కూసో. మొదటి నుంచి రాసుకుందాం.”

బజార్ల మోటరు హారను మోగింది. లక్ష్మీరాజం అనసూయమ్మ మొకం చూడలే. సనదు చూసిండు.

“నాదే సాబ్.”

దస్కతు వెట్టిండు. ఆమె ఇప్పుడు ఒర్లుతది, ఇప్పుడు నెత్తి కొట్టుకుంటదని వీపు బిగవట్టుకున్నడు. పెట్టె నెత్తికెత్తుకోని మెట్లు దిగుతుంటే ఆమె ఎనకనే వచ్చి, పల్లెం అతని సంకల వెట్టి, చెవికాడ వంగింది.

“లోపలంత ఇత్తడే బిడ్డా. పులుసు పోసుకోకు, కలాయి పోతది.”