గురువారం సెలవు

“ఇది అడిగినట్టు లేదు తమ్ముడూ, హుకుం జారీ చేసినట్టుంది” అంది జిరాక్స్ షాపు అక్క, కాగితం వెనక్కి తోస్తూ.

గోదాము గుమాస్తా కాగితాన్ని మళ్లీ చూసుకున్నాడు. “ఐ కెన్ టేక్ లీవ్ ఆన్ థర్స్‌డే” అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకొచ్చాడు పాపం. గురువారం భార్యకి ఆపరేషన్. కొత్త మేనేజరు వచ్చాక కంపెనీలో సెలవైనా, చీపురైనా ఇంగ్లీషు కాగితం మీదే అడగాలి. పోయిన నెల ఇలాగే రాస్తే, నీకు నువ్వే సెలవు ఇచ్చుకుంటావా అంటూ నిప్పులు కక్కే మెమో వచ్చింది. ఇంకోటి వస్తే ఉద్యోగానికి నీళ్లొదులుకోవలసిందే.

“మరెలా అక్కా?”

“కెన్ తీసెయ్. ‘మే’ పెట్టు, మర్యాదగా ఉంటుంది. దాన్ని ముందు కూర్చోబెట్టి, ‘ఐ’ని వెనక్కి పంపు. చివర ఉత్త చుక్క కాదు, కొక్కెంలా ఉండే ప్రశ్న గుర్తు పెట్టాలి.”

గుమాస్తా గీసిన కొక్కెం కొడవలిలా వచ్చింది.

“కొడవలి చూపించి అడుగుతావా ఏంటి?” అక్క నవ్వి దిద్దింది.

పదకొండింటికి కాగితం మేనేజరు బల్ల మీద పెట్టాడు. పన్నెండయింది, కబురు లేదు. ఒంటిగంట దాకా గోదాములో కాలుకాలిన పిల్లిలా తిరిగి, ఇక ఉండబట్టలేక షాపుకి పరిగెత్తాడు.

“అక్కా, కొక్కెం కింద చుక్క పెట్టామా?”

“పెట్టాం. ముందు మంచినీళ్లు తాగు.”

అంతలో గుమ్మంలో మేనేజరు గొంతు! డ్యూటీలో ఉండగా ఇక్కడ దొరికితే ఇంకేమైనా ఉందా? గుమాస్తా గబుక్కున జిరాక్స్ మిషను వెనక నక్కాడు.

మేనేజరు అటూ ఇటూ చూసి జేబులోంచి కాగితం తీశాడు. అదే అర్జీ.

“అమ్మా, ఇందులో ఏముందో చదివి పెట్టండి.”

“గురువారం సెలవు అడుగుతున్నాడండీ. భార్యకి ఆపరేషనట.”

“కుదరదని రాయండి. పోయిన నెల మెమో రాసిచ్చారే, అంత ఘాటుగా ఉండాలి. నేను రాయించుకుంటున్నట్టు మాత్రం ఎవరికీ తెలియకూడదు.”

ఆ మెమో అక్క రాసిందా! గుమాస్తా మిషను వెనకే చతికిలబడ్డాడు. భార్య ముఖం కళ్లముందు మెదిలి ఏడుపొచ్చింది.

అక్క పావు పేజీ ఇంగ్లీషు రాసింది. మేనేజరు దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, కనుబొమలు ముడిచాడు.

“ఆఁ, ఇలా ఉండాలి. దెబ్బకి దారికొస్తాడు” అని సంతకం గీకి, జేబులోని స్టాంపు వేసి, “జిరాక్స్ తీయడానికి వచ్చిందని చెప్పి ఇది వాడికి పంపించెయ్యండి” అంటూ వెళ్లిపోయాడు.

గుమాస్తా కళ్లు తుడుచుకుంటూ లేచాడు. “నాకు చదివే ధైర్యం లేదక్కా. ఏం రాశావు?”

“నేను రాయడమేంటి, సంతకం చూడు, మీ సారే రాశారు. ఒక్కరోజు ఏం సరిపోతుందని వారం రోజులు మంజూరు చేశారు, జీతంతో సహా.”